‘అలవాటైపోతుందిలే’ అనకండి

నాకు కుక్కలంటే ప్రాణం. కుక్కతో ఒకే గదిలో అరగంట కూర్చుంటే ముక్కు మూసుకుపోతుంది, కళ్లు దురద పెడతాయి, అంగుట్లో ఏదో గీరుతున్నట్టు ఉంటుంది. ఈ రెండూ నిజాలే. అయినా ఏళ్లుగా ఈ సంగతి ఎవరికి చెప్పినా, వాళ్లు ఏదో ఒకదాన్నే నమ్ముతున్నారు. కొందరు ప్రేమను నమ్మి, “కొన్నాళ్లు ఓపిక పట్టు, అలవాటైపోతుందిలే” అంటారు. మరికొందరు తుమ్ములను నమ్మి, “ఇంత అవస్థ ఎందుకు, ఎవరికైనా ఇచ్చెయ్” అంటారు.

ఈ రెండు సలహాలూ విని విని విసిగిపోయాను. అలర్జీ దేనివల్ల, ఎంత మోతాదులో, ముక్కుతో ఆగిందా, ఊపిరితిత్తుల దాకా వెళ్లిందా అని సలహా ఇచ్చినవాళ్లలో ఒక్కరూ అడగలేదు. అవి తెలుసుకోకుండా కుక్కను ఉంచుకున్నా తప్పే, పంపించేసినా తప్పే. చాలా తప్పులు చేశాక నాకు అర్థమైన సంగతి ఇది.

మా చిట్టి ఇంటికొచ్చినప్పుడు దాని వయసు రెండు నెలలు. జాతి ఏమిటో చెప్పలేం. గోధుమ రంగు, ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటుంది, రెండోది వాలిపోయి ఉంటుంది. మొదటి రెండు నెలలు నాకేమీ కాలేదు. నా దిండు మీదే పడుకునేది. మూడో నెలలో పొద్దున లేవగానే తుమ్ములు మొదలయ్యాయి. వరసగా పది, ఒక్కోసారి పదిహేను. జలుబనుకుని మాత్ర వేసుకున్నాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. అలా ఏడాది గడిచింది. ఏడాది పాటు జలుబు ఎవరికీ ఉండదని అప్పుడు తట్టలేదు.

ఇప్పుడైతే తేడా ఇట్టే చెప్పగలను. జలుబు వారం, పది రోజుల్లో తగ్గుతుంది. గొంతు నొప్పో, ఒళ్లు నొప్పులో, కాస్త జ్వరమో తోడుంటాయి. అలర్జీలో జ్వరం రాదు, దురద ఉంటుంది. ముక్కులోంచి నీళ్లలా కారుతుంది. అన్నిటికంటే పెద్ద ఆధారం, చోటు మారితే తగ్గడం. ఒకసారి పని మీద రెండు వారాలు బయటికి వెళ్లాను. నాలుగో రోజుకి ముక్కు తేలికైపోయింది. తిరిగొచ్చి, చిట్టి మీదికి ఉరికి మొహమంతా నాకిన గంటలోపే కళ్లు ఎర్రబడ్డాయి. చెంపల మీద, దాని నాలుక తగిలిన చోటల్లా, దద్దుర్లు లేచాయి. ఆ రాత్రి అద్దంలో నా మొహం చూసుకుని ఏడ్చాను. దురదకి కాదు. కారణం ఏమిటో ఇక కాదనలేకపోయినందుకు.

మొదటి రెండు నెలలు ఎందుకు ఏమీ కాలేదన్నది చాలామందికి అంతుపట్టదు. అలర్జీ తొలి పరిచయంలోనే బయటపడదు. శరీరం ముందు ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకోవాలి, దానికి తగిన ఐజీఈ అనే యాంటీబాడీలను తయారు చేసుకోవాలి. అవి ముక్కులో, కళ్లలో, శ్వాసనాళాల్లో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని కాపలా కాస్తుంటాయి. మళ్లీ అదే పదార్థం తగలగానే ఆ కణాలు హిస్టమిన్‌ను, ఇంకొన్ని రసాయనాలను వదులుతాయి. నిమిషాల్లో తుమ్ములు, దురద, నీరు కారడం. కొన్ని గంటల తర్వాత రెండో విడత వస్తుంది, దానివల్ల ముక్కు దిబ్బడ వేస్తుంది. సాయంత్రం కుక్కతో ఆడుకుంటే అర్ధరాత్రి ముక్కు మూసుకుపోయేది అందుకే. నేను మాత్రం ఆ దిబ్బడకి సాయంత్రానికి సంబంధం ఉందని అనుకోకుండా ఫ్యాన్‌ని తిట్టుకునేదాన్ని.

‘అలర్జీ’ అనే మాటను 1906లో క్లెమెన్స్ వాన్ పిర్కే అనే ఆస్ట్రియా పిల్లల డాక్టర్ పుట్టించారు. ఐజీఈని మాత్రం 1960ల్లో గాని కనుక్కోలేదు. అమెరికాలో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్తలు కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా దంపతులు ఒకవైపు, స్వీడన్ పరిశోధకులు మరోవైపు దాన్ని పట్టుకున్నారు. “అదంతా మనసులో ఉంటుంది, నువ్వు ఊహించుకుంటున్నావు” అని నాతో అన్నవాళ్లున్నారు కాబట్టే ఈ సంగతి రాస్తున్నాను. రక్తంలో అంకెల్లో కొలవగలిగిన దాన్ని ఊహ అనకండి.

ఇక వెంట్రుకల సంగతి. కుక్క అలర్జీ అంటే వెంట్రుకల అలర్జీ అని దాదాపు అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఒక ఎండాకాలం చిట్టికి బొచ్చు మొత్తం కత్తిరించేశాను. పాపం, నెల రోజులు దిగులుగా తిరిగింది. నా ముక్కులో ఏ మార్పూ లేదు. అలర్జీ తెప్పించేది కొన్ని ప్రోటీన్లు. అవి కుక్క లాలాజలంలో, చర్మం నుంచి చుండ్రులా రాలే పొట్టులో, మూత్రంలో ఉంటాయి. వెంట్రుక వాటిని మోసుకు తిరుగుతుంది, అంతే. ఆ పొట్టు కంటికి కనిపించనంత సన్నం. కొంత భాగం గాలిలో గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. బట్టలకు అంటుకుని కుక్క అడుగే పెట్టని ఇళ్లలోకి, తరగతి గదుల్లోకి, ఆఫీసుల్లోకి చేరుతుంది. ఇంట్లో కుక్కే లేని పిల్లవాడు బడిలో తుమ్ముతుంటే పక్క బెంచీ పిల్లల బట్టల వైపు కూడా చూడాలి.

ఈ వెంట్రుకల అపోహ మీదే ‘హైపోఅలర్జెనిక్ జాతి’ అనే పెద్ద వ్యాపారం నడుస్తోంది. దీని గురించి నాకు నిజంగా కోపం. బొచ్చు రాల్చని జాతి కొనుక్కుంటే అలర్జీ రాదని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ మాట నమ్మి పూడుల్‌నో లాబ్రడూడుల్‌నో తెచ్చుకుంటారు. మూడు నెలలకి తుమ్ములు మొదలైతే ఆ కుక్కపిల్లను వెనక్కి ఇచ్చేస్తారు, లేదా ఏ షెల్టర్‌లోనో వదిలేస్తారు. అప్పటికే అది ఆ ఇంటిని తన ఇల్లు అనుకుంటూ ఉంటుంది.

లాబ్రడూడుల్ పుట్టిన కథలోనే దీనికి జవాబు ఉంది. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలోని ఒక గైడ్ డాగ్ సంస్థలో వాలీ కాన్రన్ అనే ఆయన పనిచేసేవారు. చూపు లేని ఒక మహిళ హవాయి నుంచి ఆయనకు రాసింది. తనకు గైడ్ డాగ్ కావాలి, భర్తకేమో కుక్కలు పడవు. కాన్రన్ ముందు పూడుల్‌లకు శిక్షణ ఇచ్చి చూశారు, కుదరలేదు. చివరికి పూడుల్‌ని లాబ్రడార్‌తో కలిపారు. పుట్టిన పిల్లల వెంట్రుకలు, లాలాజలం ఆ భర్త దగ్గరికి పంపితే, వాటిలో ఒక్కటే ఆయనకు పడింది. ఒకే ఈతలో పుట్టిన తోబుట్టువుల్లో ఒకటి పడింది, మిగతావి పడలేదు. అంటే పడటం, పడకపోవడం జాతిది కాదు. ఆ కుక్కకీ ఆ మనిషికీ మధ్య సంగతి. తన ప్రయోగం నుంచి ఇంత వ్యాపారం పుట్టుకొచ్చినందుకు తర్వాతి కాలంలో కాన్రన్ బాహాటంగానే బాధపడ్డారు.

తర్వాత శాస్త్రవేత్తలు కొలిచి కూడా చూశారు. 2011లో అమెరికాలో ఇళ్లలోని దుమ్మును పరీక్షిస్తే, ‘హైపోఅలర్జెనిక్’ కుక్కలున్న ఇళ్లకీ మామూలు కుక్కలున్న ఇళ్లకీ తేడా కనిపించలేదు. 2012లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధనలో అయితే ఆ పేరున్న జాతుల బొచ్చులోనే క్యాన్ ఎఫ్ 1 అనే ముఖ్యమైన ప్రోటీన్ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. గాలిలో మాత్రం జాతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంత స్పష్టంగా తేలినా అమ్మేవాళ్ల నోట ఆ మాట ఇంకా వినబడుతూనే ఉంది. కుక్కను తెచ్చుకోవాలనుకునే అలర్జీ మనుషులకు నేను చెప్పేది ఇదే. జాతి పేరు చూడకండి. మీకు నచ్చిన ఆ ఒక్క కుక్కతో, అది ఉండే చోటికే వెళ్లి, వేర్వేరు రోజుల్లో కొన్ని గంటలు గడపండి. అదీ పూర్తి హామీ కాదు, నా మొదటి రెండు నెలలే అందుకు సాక్ష్యం. కానీ ప్రకటన కంటే మేలు.

పరీక్ష చేయించుకోవడానికి నేను రెండేళ్లు తాత్సారం చేశాను. తేలితే చిట్టిని పంపించేయమంటారేమోనని భయం. స్కిన్ ప్రిక్ టెస్ట్ చాలా తేలిక. ముంజేతి మీద చుక్కలు వేసి సూదితో చిన్నగా గుచ్చుతారు. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఏ చుక్క ఉబ్బిందో చూస్తారు. ముందు వారం రోజులు అలర్జీ మాత్రలు ఆపాలి, లేకపోతే ఫలితం సరిగా రాదు. నాకు కుక్కతో పాటు ఇంటి దుమ్ములో, పరుపుల్లో ఉండే మైట్స్ అనే కంటికి కనిపించనంత చిన్న పురుగులు కూడా పడవని తేలింది. ఇది చాలా పెద్ద సంగతి. అప్పటిదాకా నా తుమ్ములన్నిటికీ చిట్టినే కారణం అనుకున్నాను. సగం నేరం నా పాత పరుపుదని తెలిసింది. పరీక్ష చేయించకుండా కుక్కను పంపించేసుంటే, కుక్కా ఉండేది కాదు, తుమ్ములూ పోయేవి కావు.

ఇంకో పరీక్ష రక్తంతో చేస్తారు. కుక్కకు సంబంధించిన ప్రోటీన్లలో సరిగ్గా ఏది పడట్లేదో అందులో విడివిడిగా తెలుస్తుంది. వీటిలో క్యాన్ ఎఫ్ 5 అనేది ప్రత్యేకం. అది మగకుక్క ప్రోస్టేట్ గ్రంథిలో తయారై మూత్రం ద్వారా బయటికొస్తుంది. కొంతమందికి ఆ ఒక్కటే పడదు. అలాంటివాళ్లు ఆడకుక్కతో ఏ ఇబ్బందీ లేకుండా ఉండే అవకాశం ఉంది. నాకు తెలిసిన ఒకాయనకు ఫలితం అలాగే వచ్చింది. ఇరవై ఏళ్లుగా కుక్కల్ని దూరం నుంచే చూసిన మనిషి, ఇప్పుడు ఒక ఆడకుక్కను తన మంచం మీదే పడుకోబెట్టుకుంటున్నాడు. నాకు మాత్రం పడనిది క్యాన్ ఎఫ్ 1. అది ఆడా మగా తేడా లేకుండా అన్ని కుక్కల్లోనూ ఉంటుంది.

అక్కడి నుంచి నాకు మోతాదు గురించిన ఆలోచన మొదలైంది. ముక్కుకి రోజూ ఇంత అని ఒక ఓర్పు ఉంది. అది దాటితేనే తిరగబడుతుంది. కుక్క, మైట్స్, పొగ, ఘాటైన వాసనలు అన్నీ అందులోంచే ఖర్చవుతాయి. కాబట్టి ఒక్కటి పూర్తిగా తీసేయలేకపోయినా అన్నిటినీ కొంచెం కొంచెం తగ్గించొచ్చు.

మొదట చేసింది, నాకు అన్నిటికంటే కష్టమైంది, పడకగది తలుపు మూయడం. రోజులో మూడో వంతు గడిపేది అక్కడే, అదీ దిండులో మొహం పెట్టుకుని. చిట్టి ఆ గదిలోకి రాకూడదు. ఒక్కసారి కూడా. ‘ఈ ఒక్క రోజుకీ’ అని రానిస్తే పక్క మీద రాలిన పొట్టు వారాల పాటు ఉంటుంది. మొదటి మూడు రాత్రులు తలుపు గీరుతూ మూలిగింది. నేను లోపల చెవులు మూసుకుని పడుకున్నాను. నాలుగో రాత్రి గడప అవతల చాప మీద పడుకుంది. పరుపు, దిండు కొత్తవి కొని, మైట్స్ చొరబడని గలీబులు వేశాను. దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతుకుతాను. హాల్లో ఉన్న కార్పెట్ తీసేశాను. నున్నటి నేల మీద తడిగుడ్డతో తుడిస్తే పోయేది, కార్పెట్‌లో ఏళ్ల తరబడి ఇంకి ఉంటుంది. పొడి చీపురుతో ఊడిస్తే అడుగున ఉన్నదంతా గాల్లోకి లేస్తుంది, అందుకే తడిగుడ్డ. దులపడం, తుడవడం ఇంట్లో వేరేవాళ్లు చేస్తారు. నేనే చేయాల్సి వస్తే మాస్క్ పెట్టుకుంటాను.

పడకగదిలో హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టాను. హెపా అంటే 0.3 మైక్రాన్ల కణాలను కూడా 99.97 శాతం పట్టేసేది. ఉపయోగం ఉంది, కానీ కుక్క అదే గదిలో ఉంటే ఏ యంత్రమూ గెలవలేదు. అది తీసేదానికంటే కుక్క వదిలేదే ఎక్కువ. తలుపు మూశాకే దానికి విలువ వచ్చింది.

స్నానం గురించి కూడా నిజం చెప్పాలి. కుక్కకు స్నానం చేయిస్తే ఒంటి మీది ప్రోటీన్ బాగా తగ్గుతుంది, కానీ మూడు నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికి వస్తుంది. అంటే వారానికి రెండుసార్లు చేయించాలి. నెలకోసారి చేయించి ‘నేను అన్నీ చేస్తున్నాను’ అనుకుంటే లాభం లేదు. మాటిమాటికీ స్నానం చేయిస్తే కుక్క చర్మం పొడిబారి పొట్టు ఇంకా ఎక్కువ రాలే ప్రమాదం ఉంది కాబట్టి పశువైద్యుణ్ని అడిగి చర్మానికి పడే షాంపూ వాడుతున్నాం. ఒళ్లు దువ్వడం ఇంటి బయటే, అదీ మా అక్క చేస్తుంది. చిట్టిని ముద్దు చేశాక చేతులు సబ్బుతో కడుక్కుంటాను. ఆ చేతులు కళ్లకి తగలకుండా ఉంటే సగం యుద్ధం అయిపోయినట్టే.

మందుల దగ్గర నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. దిబ్బడ పోవడానికి ముక్కులో కొట్టుకునే జైలోమెటాజోలిన్ స్ప్రే ఉంటుంది. క్షణాల్లో ముక్కు తెరుచుకుంటుంది. కొద్ది రోజులకి మించి వాడొద్దని దాని మీదే రాసుంటుంది. నేను ఆరు వారాలు వాడాను. చివరికి అది లేకపోతే ముక్కు తెరుచుకోని స్థితికి వచ్చాను. దిబ్బడకు కారణం కుక్క కాదు, ఆ స్ప్రేనే అయింది. మానేసిన మొదటి వారం నరకం.

దానికి బదులు డాక్టర్ రాసింది ఫ్లూటికసోన్ అనే స్టెరాయిడ్ స్ప్రే. స్టెరాయిడ్ అనే మాట వినగానే ఇంట్లో అందరికీ టెన్షన్. ముక్కులో కొట్టుకునేది చాలా తక్కువ మోతాదు, రక్తంలోకి చేరేది మరీ స్వల్పం. అయితే ఇది తుమ్ము వచ్చినప్పుడు కొట్టుకునేది కాదు. రోజూ వాడాలి, పూర్తి గుణం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. రెండు రోజులు చూసి పనిచేయలేదని పారేసేవాళ్లే ఎక్కువ. కొట్టుకునే పద్ధతి కూడా ఎవరూ సరిగా చూపించరు. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో, మధ్య గోడకి కాకుండా బయటి వైపుకి వచ్చేలా కొట్టాలి. మధ్య గోడకి కొడితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగబీలిస్తే మందంతా గొంతులోకి పోతుంది. నా మొదటి సీసా మొత్తం అలా గొంతులోకే పోయింది. మాత్రల్లో సెట్రిజిన్ నాకు మత్తుగా ఉండేది, ఫెక్సోఫెనడిన్‌కి మారాక ఆ బాధ పోయింది. రాత్రి పడుకునే ముందు కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కుంటాను. కుళాయి నీళ్లు అలాగే ముక్కులోకి పోయకూడదు, అరుదుగానైనా ప్రాణాంతకమైన క్రిములు అలా లోపలికి చేరాయి.

ఇంతవరకు చెప్పింది ముక్కు సంగతి. ఛాతీ సంగతి వేరు.

మూడో ఏడు చలికాలంలో ఒక రాత్రి ఊపిరి వదులుతుంటే పిల్లికూతలు వినిపించాయి. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంది. దగ్గు ఆగలేదు. ఆ రాత్రి ఆసుపత్రిలో గడిచింది. ముక్కుదీ ఊపిరితిత్తులదీ ఒకటే దారి అని, పైన పట్టించుకోకపోతే కిందికి దిగొచ్చని అప్పుడు చెప్పారు. అప్పటి నుంచి రోజూ ఇన్‌హేలర్ వాడుతున్నాను. పొద్దునా సాయంత్రం, ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటర్‌లో ఊది అంకె రాసుకుంటాను. నా అత్యుత్తమ అంకె 420. అందులో 80 శాతం పైన ఉంటే ఫర్వాలేదు, అంతకంటే తగ్గితే జాగ్రత్త పడాలి, 50 శాతం లోపుకి పడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే. ‘అలవాటైపోతుందిలే’ అనే మాట ఇక్కడ ప్రమాదకరం అవుతుంది. కొద్దిమందికి ఉన్నకొద్దీ తీవ్రత తగ్గొచ్చు. చాలామంది అలవాటు అనుకునేది ఇబ్బందికి అలవాటు పడటమే. ఊపిరి సరిగా ఆడకపోవడం మామూలైపోతుంది, బాగా ఆడితే ఎలా ఉంటుందో మర్చిపోతారు.

అందుకే నా స్నేహితురాలి విషయంలో జరిగింది నేను క్షమించలేను. వాళ్ల ఎనిమిదేళ్ల బాబుకి కుక్క వల్ల ఉబ్బసం వచ్చింది. నేను చెప్పినవన్నీ చేశారు, ఇంకా ఎక్కువే చేశారు. ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రి పాలయ్యాడు. చివరికి కుక్కను బాగా చూసుకునే ఒక కుటుంబానికి అప్పగించారు. అప్పటి నుంచి జంతుప్రేమికులమని చెప్పుకునే తోటివాళ్లు ఆమెను మాటలతో పొడిచారు. “పిల్లలు కుక్కతో పెరిగితే ఉబ్బసం రాదని పరిశోధనలు చెబుతున్నాయిగా” అని ఒకావిడ నిలదీసింది. ఆ పరిశోధన నిజమే. 2015లో స్వీడన్‌లో లక్షల మంది పిల్లల రికార్డులు చూస్తే, పుట్టిన మొదటి ఏడాది ఇంట్లో కుక్క ఉన్నవాళ్లకి బడి వయసులో ఉబ్బసం వచ్చే అవకాశం సుమారు 13 శాతం తక్కువగా కనిపించింది. అది పసికందుల గురించి, ఇంకా జబ్బు రానివాళ్ల గురించి. ఇప్పటికే కుక్క పడక ఆయాసపడుతున్న ఎనిమిదేళ్ల పిల్లవాడికి అందులో మందేమీ లేదు. ఆ తల్లి కుక్కను వదిలేయలేదు, దానికి ఇల్లు చూసింది. రోడ్డు మీద వదిలేయడానికీ దీనికీ ఉన్న తేడా చూడలేనివాళ్లు జంతువుల గురించి మాట్లాడకపోవడమే మంచిది.

అలర్జీ టీకాల గురించి కూడా అడుగుతుంటారు. పడనిదాన్నే చిన్న మోతాదులో ఇస్తూ పెంచుకుంటూ పోయే ఈ చికిత్స 1911 నుంచీ ఉంది, మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. పుప్పొడికి, మైట్స్‌కి పనిచేసినంత నమ్మకంగా కుక్కకి పనిచేయదు, మందులోనే ప్రోటీన్ల పాళ్లు ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటాయి. నేను మైట్స్‌కి మాత్రం మొదలుపెట్టాను. ఆ భారం తగ్గితే చిట్టికి మరికాస్త చోటు దొరుకుతుందని ఆశ.

చిట్టికిప్పుడు ఆరేళ్లు దాటాయి. పొద్దున నేను తలుపు తీసేసరికి గడప అవతల లేచి నిలబడి, ఒళ్లు విరుచుకుని, లోపలికి ఒక్క అడుగు కూడా పెట్టకుండా తోక ఊపుతుంది. నేను ముందు మీటర్‌లో ఊది అంకె రాసుకుని, అప్పుడు బయటికి వెళ్తాను. ఈ వారం అంకెలు 390, 400, 385. అవి 330కి దిగి అక్కడే ఉండిపోతే, మందులు మార్చినా పైకి రాకపోతే, చిట్టి మా అక్కతో పాటు వేరే ఇంటికి వెళ్తుంది. ఆ మాట అక్కా నేనూ పోయినేడే అనుకున్నాం. చిట్టి అలవాటు పడాలని వారాంతాలు అక్కడే ఉంచుతున్నాం. సోమవారం పొద్దున తిరిగొస్తుంది.